అర్బుదశేషము

ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును ఉంచరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మూటి సరసన కూర్చుండదగిన శేషము మరియొకటి కలదు. అది అర్బుదశేషము. జనులు రాచపుండనియు, పుట్టకురుపనియు, వైద్యుల నోట విని కాన్సరనియు పిలుచు వ్యాధికి అర్బుదమనియు పేరు కలదు. పెద్దప్రేవున పుట్టి కాలేయమునకు ప్రాకిన అర్బుదమును శస్త్రముతో కోసి తీసివేసిన తరువాత అది మరల తలయెత్తుటను గూర్చియు, అట్లు తలయెత్తినపుడు చేయదగిన చికిత్సను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని.

నేను వైద్యుడను గాను. పిల్లలకు తెలుగును, సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్న బడిపంతులను. ఉక్కునగరమున మా కుమారుని యింట నుందును. ఈ నగరమునకు చేరువనే, కూర్మన్నపాలెము దాటి పెద్దరస్తా ప్రక్కన, అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి యున్నది. 1941లో బొంబాయిలో వెలసిన టాటా స్మారక ఆసుపత్రికి ఇది యొక శాఖ. శ్రీకాకుళము, విజయనగరము మొదలుకొని గోదావరి మండలములవరకు గల పల్లెలవారు ఇచ్చటికి వచ్చుచుందురు. బస్సుకొరకు నిలిచియున్నపుడు వారిలో కొందరు తమ కాగితములను నాచేతికిచ్చి, "మేష్టారుగారూ, ఇందులో ఏమి వ్రాసినారో కొంచెము చదివి చెప్పండి" అని అడుగుచుందురు. అట్లు చదువుటకు మొదలుపెట్టి, అర్థము కాని దానిని తెలిసినవారి నడిగి, గ్రంథములు చూచి, కొంత గ్రహించితిని. దానిని గ్రామ పెద్దలైన మీకు చెప్పుటకు కారణమొకటి కలదు. రోగి మరల ఆసుపత్రికి పోవలయునా, మానవలయునా అను నిర్ణయమును మన పల్లెలలో రోగి చేయుట అరుదు. ఇంటి పెద్దయో, ఊరి పెద్దయో చేయును. ఆ ఒక్కమాటపై ఒక ప్రాణము నిలుచుటయు, పోవుటయు కలదు.

మొదట, ప్రేవులోని వ్యాధి కాలేయమునకు ఎట్లు పోవునో చూతము. మనము తిన్న ఆహారము ప్రేవులలో జీర్ణమై, దాని సారము రక్తమున కలియును. ఆ రక్తము తిన్నగా గుండెకు పోదు. ద్వారసిర యను పెద్ద నాళము వెంట మొదట కాలేయమునకు పోయి, అచ్చట శోధింపబడి, పిమ్మటనే గుండెకు చేరును. విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. నాటినుండి నేటివరకు ఓడనుండి దిగిన సరకు సుంకమువారి తనిఖీ ముగిసిన పిదపనే బండి యెక్కి దేశములోనికి పోవుచున్నది. ప్రేవులనుండి బయలుదేరిన రక్తమునకు కాలేయము అట్టి రేవు. పెద్దప్రేవులోని గడ్డనుండి విడివడిన కణము రక్తమున బడి కొట్టుకొనిపోయినచో దానికి తగులు మొదటి మజిలీ అదియే. అందుచేతనే ఈ వ్యాధి గలవారిలో సుమారు నాలుగవవంతు మందికి ఎప్పుడో యొకప్పుడు కాలేయమున పిల్లగడ్డలు కనబడుచున్నవి. పురీషనాళపు క్రిందికొననుండి మాత్రము కొంత రక్తము వేరుదారిని పోవును గనుక, అచ్చటి గడ్డ కాలేయమును తాకక ఊపిరితిత్తులకు పోవుటయు కలదు.

ఇచ్చట ఒకమాట. కాలేయమున గడ్డ యనగానే "త్రాగినాడు, అనుభవించుచున్నాడు" అని రచ్చబండవద్ద తీర్పు చెప్పువారు కలరు. ఆజన్మము కల్లు ముట్టని యిల్లాండ్రు గూడ ఈ నింద మోయుచున్నారు. మద్యపానమువలన కాలేయము చెడుట నిజమే. అచ్చటనే పుట్టు కాన్సరు వేరొకటి కలుగుటయు నిజమే. ఇది అదికాదు. ఇది ప్రేవునుండి వలసవచ్చిన గడ్డ. కాలేయమున కూర్చుండినను దాని కణములు ప్రేవు కణములే. దానికిచ్చు మందులును ప్రేవు కాన్సరు మందులే.

పూర్వము కాలేయమునకు ప్రాకినదనగానే వైద్యులు ఆశ వదలుకొనుచుండిరి. గడ్డలున్న భాగమును కోసి తీసివేయుట గత శతాబ్ది చివరి దశకములలో స్థిరపడిన విద్య. దానికి ఆధారము కాలేయమునకుగల యొక చిత్రమైన గుణము. ఆరోగ్యముగా నున్న కాలేయమున నూటికి 70 పాళ్లవరకు తీసివేసినను, మిగిలినది కొన్ని వారములలో, కొన్ని నెలలలో పెరిగి ఇంచుమించు పూర్వపు పరిమాణమునకు వచ్చును. పూర్వపు ఆకారము రాదు గాని పని నడచును. మొదలంట కొట్టిన అరటి పిలకవేసినట్లు అనుకొనవచ్చును. మనిషి శరీరములోపలి మరి యే అవయవమునకును ఇంతటి శక్తి లేదు. ఇట్లు శస్త్రచికిత్స పొందినవారిలో 100 మందికి 40 నుండి 50 మంది ఐదేండ్లు దాటి జీవించుచున్నారు. శస్త్రము సాధ్యపడక మందులతోనే గడుపవలసినవారిలో ఐదేండ్లు దాటువారు చాల తక్కువ.

ఇంతవరకు విన్నవారు సంతోషింతురు. ఇక కఠినమైన భాగము. కాలేయమునందలి గడ్డలన్నిటిని పూర్తిగా తీసివేసినామని వైద్యులు చెప్పిన పిమ్మట గూడ, 100 మందిలో 60 నుండి 70 మందికి వ్యాధి తిరుగబెట్టుచున్నది. తిరుగబెట్టినవారిలో అధికులకు మొదటి రెండేండ్లలోపలనే అట్లగును. సుమారు సగముమందికి మిగిలిన కాలేయముననే కనబడును. తరువాతి స్థానము ఊపిరితిత్తులది. ఈ సంఖ్యను ముందుగా చెప్పకపోవుటచేతనే అనర్థము జరుగుచున్నది. శస్త్రము ముగిసినది, కుట్లు విప్పినారు, ఇక తీరినదని ఇంటికిపోయి దేవతలకు మ్రొక్కులు చెల్లించిన కుటుంబము, పదునాలుగు నెలలకు మరల గడ్డ కనబడినదని విన్నప్పుడు పిడుగు పడినట్లు క్రుంగును. "వైద్యులు మోసగించిరి" అని యొకరు, "కత్తి తగిలితే వ్యాపిస్తుంది, ముందే చెప్పినాను" అని యొకరు. ఇక ఆసుపత్రి ముఖము చూడరు.

కత్తి తగులుటచేత వ్యాపించినదను మాటకు సమాధానము వినుడు. స్కాను యంత్రమునకు కనబడవలయునన్నచో గడ్డ కొన్ని మిల్లీమీటర్లైన పెరిగియుండవలెను. అప్పటికే దానియందు కణములు కోట్లకొలదిగా నుండును. అంతకంటె చిన్నదానిని యంత్రము చూడలేదు. శస్త్రవైద్యుని చేయియు కనుగొనలేదు. శస్త్రము జరిగిన నాటికే ఆవగింజలో పదవవంతైన లేని శేషములు కాలేయమున దాగియుండి, ఆరునెలలకో, ఏడాదికో పెరిగి బయటపడుచున్నవి. పొలమున తుంగను పెరికినప్పుడు నేల శుభ్రముగానే యుండును. భూమిలోని గడ్డ మొదటి వానకు మొలచును. పెరికినందువలన తుంగ పుట్టినదని ఏ రైతును అనడు.

ఈ సంగతి మన పూర్వులకు తెలియదా? చక్కగా తెలియును. సుశ్రుతుడు తన సంహితయందు, నిదానస్థానమున, మొదట పుట్టిన అర్బుదముపై మరల పుట్టుదానికి అధ్యర్బుదమనియు, రెండు జంటగానో, ఒకదాని వెంట నొకటిగానో పుట్టినచో ద్విరర్బుదమనియు పేరులు పెట్టినాడు. చికిత్సాస్థానమున మరింత స్పష్టముగా, దోషము శేషింపగా విడిచిన అర్బుదము శీఘ్రముగా మరల పుట్టుననియు, మిగిలిన నిప్పువలె అది ప్రాణము తీయుననియు, కావున నిశ్శేషముగా తీయవలయుననియు చెప్పినాడు. విద్యార్థిగా ఆ అధ్యాయమును చదివిననాడు నాకది పాఠము మాత్రమే. నేడు అగనంపూడి బస్సు నిలుచు చోట చీటీలు చదువుచుండగా దాని బరువు తెలిసినది. అయితే ఒక్క భేదమున్నది. అధ్యర్బుదమును, ద్విరర్బుదమును సుశ్రుతుడు అసాధ్యములని నిర్ణయించినాడు. మత్తుమందు లేని, స్కాను లేని, రక్తము నెక్కించు విధానము లేని కాలమునకు ఆ నిర్ణయము సరియైనదే. తిరుగబెట్టినది సైతము కొందరియందు సాధ్యమే యని ఇటీవలి దశకముల అనుభవము చూపినది. దీనికొరకే నేనీ ప్రసంగమునకు పూనుకొంటిని.

కాలేయమున మరల కనబడిన గడ్డలు కొద్దియై, అందదగిన చోటనుండి, అవి తీసిన పిదప చాలినంత కాలేయము మిగులునట్లున్నచో రెండవసారి శస్త్రము చేయవచ్చును. మొదటిసారి కోసినది మరల పెరిగియుండుటయే దీనికి వీలు కల్పించుచున్నది. మొదటిదానికంటె ఇది కొంత కష్టతరము. లోపల అతుకులు పడియుండును. ఐనను అనుభవముగలవారి చేతిలో ప్రమాదము మొదటిదానికంటె పెద్దగా హెచ్చుట లేదు. ఇట్లు రెండవసారి శస్త్రమునకు తగినవారని యెంచబడినవారి ఆయుర్దాయము మొదటిసారి శస్త్రము పొందినవారి ఆయుర్దాయమునకు ఇంచుమించు సమానముగా నుండుట పలుదేశముల ఆసుపత్రులలో కనబడినది. మూడవసారి చేయించుకొన్నవారును కలరు.

మా వీథిలో ఉక్కు కర్మాగారమున ఉద్యోగము చేసి విశ్రాంతి గొన్న పెద్దమనిషి యొకడు కలడు. ప్రేవు శస్త్రమును, కాలేయ శస్త్రమును జరిగిన ఏడాది చిల్లరకు, రక్తపరీక్షలో మూడున్న అంకె పదునొకటికి పెరిగినది. ఆయనకు నొప్పి లేదు, ఆకలి తగ్గలేదు, చోడవరము దగ్గర స్వగ్రామమున ఇల్లు కట్టించుచుండెను. అన్నగారు వచ్చి, "ఒంట్లో బాగున్నవాణ్ణి కోయించుకోమనడమేమిటి? మేష్టారూ, మీరైనా చెప్పండి" అని నాతో వాదమునకు దిగెను. ఆరోగ్యముగా నున్నప్పుడే గడ్డ చిన్నదిగా నుండుననియు, నొప్పి పుట్టి, కన్నులు పచ్చబడి పోయినపుడు వైద్యులకు చేయుటకేమియు మిగులదనియు నేను చెప్పితిని. స్కానులో రెండు సెంటీమీటర్ల గడ్డ యొకటే కనబడెను. దానిని తీసివేసి ఇప్పటికి మూడేండ్లైనది. ఇల్లు పూర్తియైనది. మరల రాదని ఎవ్వరును ఆయనకు మాట యీయలేదు. మూడు నెలలకొకసారి పోయివచ్చుచునే యున్నాడు.

ఆ రక్తపరీక్షను గూర్చి తెలిసికొనుట మంచిది. దానిని సి.ఇ.ఏ. యని వ్రాయుదురు. 1965లో కెనడా దేశమున మాంట్రియల్ నగరమునందు గోల్డు, ఫ్రీడ్మన్ అను ఇద్దరు కనుగొన్న పదార్థమిది. ప్రేవు కాన్సరు కణములు దీనిని రక్తములోనికి విడుచుచుండును. సాధారణముగా ఐదు లోపల నుండవలెను. చుట్ట, బీడీ కాల్చువారికి కొంచెము హెచ్చుగా నుండవచ్చును. ఒకసారి పెరిగినంతమాత్రమున వ్యాధి తిరుగబెట్టినట్లు కాదు. మరల చేసి చూచి, అప్పటికిని పెరుగుచున్నచో స్కాను తీయుదురు. కొందరి గడ్డలు ఈ పదార్థమును విడువనే విడువవు గనుక అంకె బాగుగనున్నదని స్కాను మానరాదు. మొదటి రెండేండ్లు మూడు నెలలకొకసారి రక్తపరీక్షయు, మూడునుండి ఆరు నెలలకొకసారి స్కానును, అటుపై ఐదేండ్లు నిండువరకు ఆరునెలలకొకసారియు సాధారణ నియమము. రోగిని బట్టి వైద్యుడు దీనిని కొంత మార్చును. ఇది కాక పెద్దప్రేవును గొట్టముతో చూచు పరీక్ష ఏడాదికొకసారి చేసి, బాగున్నచో తరువాత దూరము చేయుదురు.

ఈ గడువులు తప్పుట యెట్లో నాకు కంఠపాఠమైనది. నాట్లు వచ్చినవి, కోతలు వచ్చినవి, సంక్రాంతికి అల్లుడు వచ్చినాడు, విజయనగరమున సిరిమాను, అనకాపల్లిలో నూకాలమ్మ జాతర. ఒక గడువు తప్పినచో పోయినదేమియని తోచును. చిన్న గడ్డ రెట్టింపగుటకు కొందరియందు రెండు మూడు నెలలు చాలును. మూడు నెలలకు రెండింతలు, ఆరు నెలలకు నాలుగింతలు. వడ్డీకి వడ్డీ కట్టు పద్ధతి యిది. ఒక్కటిగ నున్ననాడు తీయదగినది, నాలుగైన పిమ్మట తీయరాని చోటికి చేరుకొనును.

శస్త్రమునకు తోడు మరికొన్ని ఉపాయములున్నవి. చర్మముగుండ సూదిని గడ్డలోనికి పంపి, దాని కొనను వేడిచేసి గడ్డను కాల్చివేయు పద్ధతి యొకటి. మూడు సెంటీమీటర్లకు మించని గడ్డలకు ఇది శస్త్రముతో సమానమైన ఫలమునే, తక్కువ బాధతో, ఇచ్చునని హాలండు దేశమువారు ప్రధానముగా నడపి 2024లో వెల్లడించిన పరీక్ష తేల్చినది. కోతకు ఓర్వలేని ముసలివారికి ఇది వరము. గడ్డపైననే గురిపెట్టి కిరణములు ప్రసరింపజేయుట ఇంకొకటి. శస్త్రమునకు లొంగని కొద్దిమందికి కాలేయమునే మార్చుట 2024లో ఫ్రాన్సువారి పరీక్షలో మంచి ఫలమిచ్చినది గాని, అది మిక్కిలి యెంచి చేయవలసిన పని. మనవంటివారికి ఇంకను దూరము.

ఇక కీమో అని పిలుచు మందులు. వీనిలో ముఖ్యమైనది ఫ్లోరోయురాసిల్; 1957లో అమెరికాలో హైడెల్బర్గరు అను శాస్త్రజ్ఞుడు వెలువరించినది. దానికి బలము చేకూర్చుటకై ల్యూకోవోరిన్ అను మందును కలిపి యిత్తురు. ఇది ఫోలిక్ ఆమ్లపు కుటుంబములోనిది. ఆ పేరు చెప్పగనే ఆంధ్రుడు తలయెత్తవలెను. 1895లో భీమవరమున పుట్టి, మదరాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికాకు పోయిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు 1940 తరువాతి సంవత్సరములలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. దాని కెదురుగా పనిచేయు మందులను గూడ వారే చేసియిచ్చిరి. వానితో ఫార్బరు అను వైద్యుడు పిల్లల రక్తకాన్సరును కొంతకాలము శమింపజేసినట్లు 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే దివంగతులైరి. అగనంపూడిలో పెద్దాపురపు రైతు చేతినరములోనికి ఎక్కుచున్న సీసాలో ఒక భీమవరము మనిషి శ్రమ కొంత కలిసియున్నదని తలచినపుడెల్ల నాకు గర్వమగును.

కాలేయ శస్త్రము ముగిసిన పిమ్మట అందరికిని కీమో యీయవలయునా? దీనిపై వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. జపానువారు 300 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు శస్త్రము తరువాత మందులిచ్చి, వేరొక జట్టును ఊరక కనిపెట్టియుండి, 2021లో ఫలితము వెల్లడించిరి. మందులు పొందినవారిలో ఐదేండ్లకు వ్యాధి తిరుగబెట్టనివారు 100కి సుమారు 50, పొందనివారిలో 39. కాని బ్రదికియున్నవారి లెక్కలో మందులు పొందినవారు ముందుకు రాలేదు. మందు వ్యాధిని కొంత ఆపును గాని ఆయువును పెంచునని దీనివలన తేలలేదు. కావున ఒక ఊరివానికి మందులు పెట్టి, ప్రక్క ఊరివానికి పెట్టలేదని వైద్యుని అనుమానింపకుడు. గడ్డలెన్ని, ఎంత పెద్దవి, మొదటి గడ్డకును వీనికిని మధ్య ఎన్ని నెలలు గడచినవి, ప్రక్క గ్రంథులకు ప్రాకినదా లేదా, ఇవన్నియు తూచి నిర్ణయింతురు. తీసిన గడ్డను పరీక్షించి దాని జాతిని గూడ తెలిసికొందురు. నూటికి నలుగురైదుగురి గడ్డలు మాత్రము శరీరపు రక్షణశక్తిని మేల్కొల్పు క్రొత్త మందులకు చక్కగా లొంగు జాతివి. మందు పెట్టినచో వ్రేళ్లు తిమ్మిరులెక్కుట, చన్నీళ్లు తాకినచో సూదులు పొడిచినట్లుండుట కలుగును. ఆ దినములలో గోరువెచ్చని నీరే వాడవలెను.

ఆయుర్వేదమునందు నాకుగల భక్తి మీకిప్పటికే తెలిసియుండును. ఐనను చెప్పుచున్నాను: సంతలో పొట్లములు కట్టి అమ్ము పసరులను, భస్మములను ఈ రోగికి పెట్టకుడు. సగము కోతపడి, మందుల వేడిని భరించుచున్న కాలేయమునకు తెలియని లోహమొకటి తోడైనచో అది సహింపలేదు. తెలిసిన వైద్యుడు ఏదైన నిచ్చినచో దాని పేరు ఆసుపత్రివారికి చెప్పి వాడుడు. మద్యము బొత్తిగా కూడదు. నడక మంచిది. పెద్దప్రేవు శస్త్రమును, కీమోయును ముగిసిన 889 మందిపై నడచి 2025లో వెలువడిన పరీక్షలో, క్రమముగా వ్యాయామము చేయించినవారికి వ్యాధి తిరుగబెట్టుట తగ్గినది. వారు కాలేయమునకు ప్రాకనివారు. వీరికిని అంతియే ఫలమని ఎవరును రుజువు చేయలేదు గాని నడుచుటవలన నష్టము లేదు.

తిరుగబెట్టిన వ్యాధి అందరియందును లొంగదు. గడ్డలు అనేకములై, పలుతావుల ప్రాకినపుడు, నయముచేయుట మాని నొప్పి తగ్గించుటయే వైద్యమగును. దానికిని విద్య కలదు. నోటిద్వారా ఇచ్చు మార్ఫీను మాత్రలు కలవు. "ఇక లాభములేదు, తీసుకొనిపొండు" అని ఎవరైన అన్నచో, నొప్పి మందు ఎక్కడ దొరుకునని అడిగి మరీ తీసికొనిపొండు.

ధనము మాట. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలైన ప్రభుత్వ పథకమున కాన్సరు శస్త్రములును, కీమోయును, కిరణచికిత్సయును చేర్చబడినవి. పేరు ప్రభుత్వములతో మారుచున్నను పథకము నిలిచియున్నది. శస్త్రము కొరకు పోవునాడు కార్డు మరువరు గాని, తిరుగు పరీక్షలకు పోవునాడు తరచు మరతురు. దానితోపాటు తీసికొనిపోవలసినవి నాలుగు: మొదటి గడ్డను పరీక్షించి వ్రాసిన పత్రము, కాలేయ శస్త్రము వివరములు గల పత్రము, సి.ఇ.ఏ. అంకెలు తేదీలతో వరుసగా వ్రాసిన కాగితము, పాత స్కాను చిత్రములు. క్రొత్త చిత్రమును పాతదాని ప్రక్కన పెట్టి చూచినప్పుడే పెరిగినదేదో వైద్యునకు తెలియును. ఆ చిత్రములను మడతపెట్టి బియ్యపు సంచిలో కుక్కకుడు. పరచిన అట్టనడుమ ఉంచి తీసికొనిపొండు.